రేవుకు కట్టిన కొబ్బరాకు

"...నీ పడవలో కాక ఈదుకుంటూ వచ్చిందా ఆ రంపం? చెప్పరా. నోరు పడిపోయిందా?"

"అక్కా, ముందు ఆ చెయ్యి దించు. పొద్దున్నే ఇంతమంది జనం..."

"జనం చూడాలనే కడుతున్నా. ఆ కొస కాస్త పట్టుకో."

"నేనెందుకు పట్టుకుంటాను!"

"పట్టుకోకు. నాకు రెండు చేతులున్నాయి."

పెట్రోనెలా లేత కొబ్బరాకు కొసను రేవు దారికి అటుపక్కనున్న గుంజకు రెండు చుట్లు చుట్టి, పళ్ళు బిగించి ముడి వేసింది. తర్వాత వెనక్కి తగ్గి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆకు అందరికీ కనిపించేలా ఉందో లేదో చూసుకుంది. లేతపసుపు చీలికలు గాలికి ఊగుతూ, దారికి అడ్డంగా నడుమెత్తున వేలాడుతున్నాయి.

దారి మీద బుట్టలతో, సంచులతో నిలబడ్డ సంత ఆడవాళ్ళలో ఒక్కరూ ముందుకు అడుగు వెయ్యలేదు. హవెయర్ అనే ఈ నిషేధపు ఆకు కట్టాక ఆ రేవు ఇసక మీద కాలు పెట్టకూడదు. అక్కడున్న దేన్నీ ముట్టుకోకూడదు. కట్టినవాళ్ళకు జవాబు దొరికాక, పెద్దల ముందు, కట్టిన చేతులే దాన్ని విప్పాలి.

అగాపితుస్ తన పడవ వంక చూశాడు. అది ఇసకకు అవతల మోకాలి లోతు నీళ్ళలో లంగరు తాడును లాక్కుంటూ ఊగుతోంది. తను ఆకుకు ఇవతల ఉన్నాడు.

"నా పడవ అటుందే అక్కా."

"నా చెట్టు ఎటుందిరా?"

పెట్రోనెలా పుట్టినప్పుడు వాళ్ళ నాన్న ఆమె బొడ్డుతాడు పాతిపెట్టి, ఆ మట్టిలో నాటిన కొబ్బరి చెట్టు అది. ఆమె లంగ్గూర్ పట్నంలో ఉన్న కూతుర్ని చూడ్డానికి వెళ్ళి నిన్న సాయంత్రం తిరిగొచ్చేసరికి, చెట్టున్న చోట మోడు ఉంది. రంపప్పొట్టు ఇంకా తెల్లగా ఉంది. కొట్టించింది సముద్రం ఒడ్డున నాలుగు గుడిసెలు వేసి అతిథులకిచ్చే లస్మినీ. కొట్టింది పట్నం మనుషులు. వాళ్ళనీ, వాళ్ళ రంపాన్నీ ఎక్కించుకొచ్చింది అగాపితుస్. గుడిసెల కొత్త దూలాల కోసం కాబోలు అనుకున్నాడు. అడగలేదు.

"మోడుకు కట్టుకోవచ్చు గదా," అంది సంచిలో రెండు కోళ్ళు పెట్టుకుని నిలబడ్డ ఒకావిడ.

"మోడుకు కడితే ఎవరికి నొప్పి? రంపం ఈ రేవులోనే దిగింది. ఈ రేవుకే కడతా."

"నీ నాచు కూడా రేవులోనే ఉంది పెట్రోనెలా," అంది మరొకావిడ మెల్లిగా.

అందరూ అటు చూశారు. ఇసక మీద వెదురు తడికెల పైన, పెట్రోనెలా నెలల తరబడి నీళ్ళలో పెంచి, మొన్ననే కోసుకొచ్చిన సముద్రపు నాచు ఎండుతోంది. పెట్రోనెలా కూడా చూసింది. ఒక్క క్షణం ఆమె ముఖంలో ఏదో కదిలింది.

"ఉండనీ. కుళ్ళిపోనీ. నాచుకు మళ్ళీ గింజ వేసుకోవచ్చు."

"నాచుకు గింజేంటే?" అని ఎవరో నవ్వారు.

"నీకు తెలుసులే. నోర్ముయ్."

అప్పుడే ఒడ్డు వెంట, చక్రాల పెట్టెలు ఇసకలో ఈడ్చుకుంటూ వస్తున్న ఇద్దరు అతిథులతో లస్మినీ వచ్చింది. నెత్తిన గడ్డి టోపీ, చేతికి గడియారం. ఈ ఊరొచ్చి ఏడేళ్ళయినా ఆ గడియారం తియ్యలేదు.

"అగాపితుస్ గారూ! బయలుదేరాలి గదా? వీళ్ళకు విమానం ఉంది. అందరూ అక్కడ నిలబడిపోయారేంటి? రండి, రండి." అంటూ, బట్టలారేసిన తాడు ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఆకును పైకెత్తింది, ఆడవాళ్ళు కింద నుంచి దూరి రావడానికి.

జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. కోళ్ళావిడ సిలువ గుర్తు వేసుకుంది.

"వదలండి!" అని అరిచాడు అగాపితుస్. "వదిలెయ్యండి దాన్ని!"

"ఏమైంది? ఇది కాయలు కొయ్యకూడదని కట్టేదే గదా? ఇక్కడ కాయలేవీ?"

పెట్రోనెలా ఆమె వైపు చూడలేదు. తమ్ముడి వైపే చూసింది. "చూశావా నీ మనిషి పని," అని వెళ్ళిపోయింది.

ఆ పొద్దు అగాపితుస్ ఊరి వెనక నుంచి కొండ పక్కగా రాళ్ళ మలుపు దాకా నడిచి, చొక్కా విప్పి నెత్తికి చుట్టుకుని, తన పడవ దగ్గరికి తను ఈదుకుంటూ వెళ్ళాడు. సముద్రానికి ఆకు కట్టలేరు కాబట్టి. పడవను మలుపు దగ్గరికి తెస్తే, సంతవాళ్ళు నాచు పట్టిన రాళ్ళ మీద జారుతూ, ఒకరినొకరు పట్టుకుని, తిట్టుకుంటూ ఎక్కారు. ఒక కోడి నీళ్ళలో పడింది. ఒక పెట్టె చక్రం రాళ్ళలో ఇరుక్కుని ఊడింది. విమానం అందిందో లేదో అతనికి తెలియదు. అడగబుద్ధి కాలేదు.

*

అగాపితుస్ కుర్రతనంలో సోరొంగ్‌లో కలప ఓడల మీద పనిచేసి, ఒక పాత ఇంజను భుజాన వేసుకుని ఊరికొచ్చాడు. పడవ తనే కట్టుకున్నాడు. పేరు పెట్టింది పెళ్ళాం క్లెమెన్: 'సబార్'. ఓపిక అని. అప్పట్లో ఈ ఊరి జనం కొండ దాటి పక్కూరి పడవెక్కేవాళ్ళు. ఒక ఏడాది పక్కూరి పడవ ఇంజను చెడిపోతే, ఆ కొద్ది రోజుల్లో అందర్నీ తన వైపు తిప్పుకున్నాడు. పొద్దున్నే వెళ్ళడం, సాయంత్రానికి రావడం. ఎవరి మందులు, ఎవరి పంచదార, ఎవరి పెళ్ళి బట్టలు, అన్నీ గుర్తుపెట్టుకుని తేవడం. పడమటి గాలి నెలల్లో తప్ప ఏనాడూ మానలేదు. ఊళ్ళో అతనికింత గౌరవం ఉందంటే అది పడవ వల్లే. ఆ సంగతి అతనికి తెలుసు.

లస్మినీ కూడా ఆ పడవలోనే వచ్చింది. సురబయలో బడిపిల్లల బట్టలు కుట్టే కొట్టు అమ్మేసి, ఎక్కడైనా సముద్రం ఒడ్డున బతుకుదామని బయలుదేరిన ఒంటరి మనిషి. ఆ రోజు అల ఎక్కువ. దారంతా వాంతులు చేసుకుంది. ఇక్కడికొచ్చేసరికి ఆటు మీద నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయాయి. పడవ లోపలికి రాదు. నడవలేకపోతుంటే జాలిపడి వీపున వేసుకుని ఒడ్డుకు మోసుకొచ్చాడు.

అదే అతను చేసింది. పరాయివాళ్ళను ఎవరు ఒడ్డున దింపితే వాళ్ళింటి మనుషులవుతారు ఈ ఊళ్ళో. పడవలోంచి దింపితేనే అంత లెక్క. వీపున మోసుకొస్తే ఇక చెప్పేదేముంది? ఊరి పెద్ద తర్సీస్ ఆ సాయంత్రమే భుజం తట్టి, "నీ మనిషికి అన్నం పెట్టావా?" అని అడిగాడు.

ఆనాటి నుంచి ఆమె నీ మనిషి. నీ మనిషి చర్చి గంట తెల్లవారకముందు కొట్టొద్దంటోంది. నీ మనిషి నా పందిని కర్రతో తరిమింది. నీ మనిషి దగ్గర దిగినవాళ్ళు మంచినీళ్ళ ఊట దగ్గర బట్టలు సరిగా లేకుండా స్నానం చేస్తున్నారు, వెళ్ళి చెప్పు. అతను వెళ్ళి చెప్పేవాడు. అటు నుంచి లస్మినీ: అగాపితుస్ గారూ, చావింట్లో పాటలు ఇంకా ఎన్ని రోజులు పాడతారు? అగాపితుస్ గారూ, పడవ ఎన్నింటికి? జనం వచ్చాక అంటే ఎన్నింటికి? జనం ఎన్నింటికి వస్తారు? అతను ఇటు వచ్చి చెప్పేవాడు. ఏడేళ్ళుగా ఆ ఇసక మీద అటూ ఇటూ తిరిగి తిరిగి అరికాళ్ళు అరిగాయి తప్ప, ఒక్కళ్ళు ఒక్క ముక్క తగ్గించుకున్నది లేదు.

నేల ఇచ్చిన రోజు కూడా అతను పక్కనే ఉన్నాడు. వంశం పెద్దలంతా తర్సీస్ ఇంటి అరుగు మీద కూచుని, తమలపాకులు వక్కా నములుతూ, ఒడ్డున గుడిసెలు వేసుకోవడానికి ఆమెకు నేల అద్దెకిచ్చారు. హద్దులు నడిచి చూపించారు. మంచినీళ్ళు ఎక్కడ పట్టుకోవాలో చెప్పారు. నేల మాత్రమే ఇస్తున్నాం, చెట్లు ఎవరివి వాళ్ళవే అని మాత్రం ఎవరూ చెప్పలేదు. దాచిపెట్టి కాదు. ఈ ఊళ్ళో పుట్టినవాడెవడికీ అది చెప్పాల్సిన మాట అని తట్టదు. నేల ఒకరిది, దాని మీద చెట్టు ఇంకొకరిది. కాయ కొయ్యాలన్నా, కొమ్మ విరవాలన్నా ఆ చెట్టు మనిషిని అడగాలి. ఎవరైనా ఇల్లు అద్దెకిస్తే, ఇంట్లో పడుకున్న ముసలమ్మను కూడా ఇవ్వడం లేదని విడిగా చెప్తారా?

*

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు. పెట్రోనెలా వంటింట్లో కర్రపెండలం పిండి అచ్చుల్లో పోసి రొట్టెలు కాలుస్తోంది. కూచోమనలేదు. అయినా కూచున్నాడు. ఒక రొట్టె అతని ముందు పడేసింది.

"ఆవిడ్ని పిలుచుకొచ్చి క్షమించమని చెప్పిస్తా. విప్పుతావా?"

"ఆవిడెవరు నాకు?"

"చెట్టు కొట్టింది ఆవిడ గదా."

"ఊళ్ళోకి ఎవరు తెచ్చారు? ఆవిడ నాకేమవుతుందని ఆవిడ మాట వింటాను? నువ్వు నిలబడు. తర్సీస్ బాబాయ్ అరుగు మీద, అందరి ముందు, నా చెట్టుకు నువ్వు జవాబు చెప్పు."

"ఏమని చెప్పను? చెట్టు తెచ్చి మళ్ళీ నిలబెట్టగలనా?"

"అది నీ బాధ."

అగాపితుస్ రొట్టె విరిచాడు. లోపల పచ్చిగా ఉంది. కోపంలో కాల్చింది. చెప్తే ఇంకో గొడవ. తిన్నాడు.

"అక్కా, నేను నీ తమ్ముణ్ణి. నీకూ నాకూ మధ్య ఈ అరుగులేంటి?"

"తమ్ముడివి కాబట్టే మరీ మండుతోంది." పెట్రోనెలా పొయ్యిలో కొబ్బరిచిప్ప వేసింది. "నేనేం కొత్తగా అడుగుతున్నానా? చెల్లి రోసా చెప్పకుండా లేచిపోయి ఆ ఎలాత్ ఊరి కుర్రాణ్ణి చేసుకున్నప్పుడు, నిశ్చయం చేసుకున్నవాళ్ళు మన గుమ్మం ముందుకొచ్చారు. అప్పుడు ఎవరు నిలబడ్డారు? నాన్న నిలబడ్డాడా? నువ్వు నిలబడ్డావా? నువ్వెళ్ళి పడవలో పడుకున్నావు. నేను నిలబడ్డా. చెల్లెలి తప్పుకు అక్క జవాబు. వాళ్ళు ఉమ్మేసినంత పని చేశారు, తల వంచుకుని పడ్డా. అక్కను కాబట్టి పడ్డా. నీ మనిషికి నువ్వు పడు."

"రోసా చనిపోయి కూడా ఎన్నేళ్ళయింది. ఇప్పుడెందుకు అదంతా..."

"పోయింది కాబట్టే చెప్తున్నా. నాకు నాన్న వదిలిపెట్టింది ఆ చెట్టొక్కటే. ఇంకో రొట్టె తింటావా?"

"వద్దు."

"బాగాలేదని చెప్పు, పోయేదేముంది."

మర్నాడు సాయంత్రం పట్నం నుంచి వచ్చి జనాన్ని దింపాక, రాళ్ళ మలుపు మీదుగా లస్మినీ గుడిసెల దగ్గరికి వెళ్ళాడు. ఆమె అప్పటికే మోడు చుట్టూ శుభ్రం చేయించి, పక్కన మూడు కొబ్బరి మొక్కలు పాతించింది.

"మూడు పెట్టించాను. చాలకపోతే పది పెట్టిస్తాను," అంది. "ఏం కావాలో అడగమనండి ఆవిణ్ణి. ఇలా దారులు మూస్తే ఎలా? వచ్చే వారం దిగాల్సినవాళ్ళు రావడం మానుకున్నారు. పడవెక్కడానికి రాళ్ళ మీద పాకాలంటే ఎవరొస్తారు?"

"చెట్టు ఆవిడది, లస్మినీ గారూ."

"నేల నాది గదా, అద్దెకైనా. చెట్టు నేల మీద కాక ఎక్కడుంటుంది?"

"నేల వేరు, చెట్టు వేరు."

"ఆ సంగతి నాకెప్పుడు చెప్పారు?"

"అది చెప్పే మాటా?"

"చెప్పకపోతే ఎలా తెలుస్తుందండీ!" లస్మినీ టోపీ తీసి మొహం విసురుకుంది. "రండి. ఇటు రండి. చూడండి." మూడో గుడిసెలోకి తీసుకెళ్ళి పైకి చూపించింది. తాటాకు కప్పులో తలకాయంత కన్నం. కింద మంచం. "కాయ పడింది. పసిపిల్ల పడుకుని ఉంది. దిండు మీద పడింది. దిండు మీద, పిల్ల చెవి పక్కన. వాళ్ళమ్మ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ చెట్టు కింద ఇంకొకరిని ఎలా పడుకోబెట్టను? మీరైతే ఏం చేస్తారు?"

అగాపితుస్ కన్నం వైపు చూశాడు. అతనైతే ఏం చేస్తాడు? అక్కను పిలిచి, చెట్టెక్కించడానికి మనిషిని పెట్టించి, ముదిరిన కాయలన్నీ దింపించుకోమంటాడు. ఒక పూట పని. ఇద్దరి మధ్యా ఒక పూట పని. కానీ కాయ పడిన రోజున ఎవరూ అతనికి చెప్పలేదు. ఏడేళ్ళుగా పంది సంగతీ, గంట సంగతీ, గడియారం సంగతీ చెప్పినవాళ్ళు, ఇది మాత్రం చెప్పలేదు.

"నన్నడగాల్సింది," అన్నాడు.

"మీరప్పుడు పట్నంలో ఉన్నారు. రంపం వాళ్ళు మీ పడవలోనే వచ్చారు గదా. మీకు తెలుసనుకున్నాను."

*

సంత ఆడవాళ్ళు ఒకరొకరుగా తగ్గారు. మొదట కోళ్ళావిడ మోకాలు నొప్పంది. తర్వాత ఇంకో ఇద్దరు. కొండ దాటి పక్కూరికి నడిచి సింఫోర్ పడవెక్కుతున్నారని క్లెమెన్ చెప్పింది.

"వాడి పడవకి ఇప్పుడు పైన గుడ్డ కప్పు కూడా వేశాడట. ఎండ తగలదట. మరి నీ పడవలో ఎండా, రాళ్ళూ, ఈతా," అంది చేప తోముతూ.

"నన్నేం చెయ్యమంటావు?"

"నన్నడిగితే నేనేం చెప్తాను? మీ అక్కని నేనెప్పుడైనా ఏమైనా అన్నానా? పెళ్ళయినప్పట్నుంచీ నోరు కుట్టుకునే ఉన్నా."

"నీ నోరా?"

"ఆ, నా నోరే. పడవకి ఓపిక అని పేరు పెట్టింది ఈ నోరే. ఇప్పుడైతే వేరే పేరు పెడుదును."

అతనికి నవ్వు రాలేదు. తను సింఫోర్ జనాన్ని లాక్కున్నది సరిగ్గా ఇలాగే. ఇంజను బాగయ్యాక కూడా వాళ్ళు తిరిగి వెళ్ళలేదు. మనుషులు ఒక పడవకు అలవాటు పడ్డాక మళ్ళీ మారరు. పడమటి గాలి మొదలైతే పడవలు ఎలాగూ ఆగుతాయి. ఈలోగా ఆకు విప్పకపోతే, గాలి తగ్గాక ఈ రేవులో తన కోసం నిలబడేవాళ్ళు ఎవరూ ఉండరు.

గాలి రాలేదు గాని, దాని ముందు వచ్చే వాన వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఒక్కసారిగా సముద్రం మీద తెర దించినట్టు కురిసింది. ఆ రోజు ఎక్కేవాళ్ళు లేక పడవ తియ్యని అగాపితుస్ చర్చి మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. పెట్రోనెలా కూడా ఆకు దగ్గరికి వచ్చి నిలబడింది, గొడుగు లేకుండా. ఎండిన నాచు మీద మంచినీళ్ళు పడితే ఇక అది దేనికీ పనికిరాదు. పదడుగుల దూరంలో తన నాచు. మధ్యలో తను కట్టిన ఆకు. దాటలేదు. దాటదు కూడా. వాన ఆమె జుట్టులోంచి కారుతోంది.

అప్పుడు గుడిసెల వైపు నుంచి లస్మినీ పరుగెత్తుకుంటూ వచ్చింది, నీలం బరకం ఒకటి గుండెలకు హత్తుకుని. ఇసక మీద ఒక్కతే పడుతూ లేస్తూ బరకాన్ని తడికెల మీదికి లాగింది, గాలికి లేస్తుంటే మూలల మీద రాళ్ళు పెట్టింది. చాలని చోట నాచును దోసిళ్ళతో ఎత్తి లోపలికి తోసింది. అంతా అయ్యాక, తల నిండా నీళ్ళతో, పెట్రోనెలా వైపు చూసి చెయ్యి ఊపింది. నవ్వింది కూడా.

'అయిపోయింది,' అనుకున్నాడు అగాపితుస్. ఒక్క క్షణం సంతోషంగానే అనుకున్నాడు.

పెట్రోనెలా వెనక్కి తిరిగి, చర్చి మెట్ల దాకా బురదలో నడుచుకుంటూ వచ్చింది.

"చూశావా? చూశావా లేదా? ఆకు కట్టిన వస్తువుని ముట్టుకుంది. నేను కట్టినదాన్ని నేనే ముట్టుకోకుండా నిలబడ్డాను. నా నాచు, నేను ముట్టుకోలేదు. ఆవిడ ముట్టుకుంది!"

"అక్కా, నీ నాచు కాపాడిందే!"

"ఎవరు కాపాడమన్నారు? ఇప్పుడు రెండు తప్పులు. చెట్టొకటి, ఇదొకటి. రేపు అరుగు మీద తేల్చమని తర్సీస్ బాబాయ్‌కి చెప్తున్నా."

"ఆవిడకి తెలియదే!"

"మొదటిసారి తెలియదు, వదిలేశా. ఈసారి నువ్వు చెప్పాక గదా ముట్టుకుంది. చెప్పావా, చెప్పలేదా?"

చెప్పాడు. ఆకును వేళ్ళతో ఎత్తిన రోజే చెప్పాడు. వాన పడిన సాయంత్రమే రాళ్ళ మీదుగా వెళ్ళి అడిగితే లస్మినీ జుట్టు తుడుచుకుంటూ, "చెప్పారు. తెలుసు. తడిసిపోతుంటే చూస్తూ ఊరుకోమంటారా?" అంది.

అగాపితుస్ ఆమె గుడిసె మెట్టు మీద కూలబడ్డాడు. లస్మినీ లోపలికి వెళ్ళి వేడి కాఫీ తెచ్చి ఇచ్చింది. గడియారం చూసుకోలేదు.

"వెళ్ళిపోతారా మీరు? సురబయ?" అన్నాడు చివరికి.

"ఎక్కడికి వెళ్ళను? నాకున్నదంతా ఇక్కడ పోశాను."

"అక్కడ అక్కచెల్లెళ్ళు ఎవరైనా..."

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే." ఆమె నవ్వబోయి ఆగింది. "రేపు నేనేం చెప్పాలి? మీరే చెప్పండి. మీరు ఎలా అంటే అలాగే. మీ పద్ధతి ఏమిటో ఏడేళ్ళయినా నాకు అర్థం కావడం లేదు."

"ఎలా అంటే అలాగేనా?"

"అలాగే."

అతను కాఫీ మొత్తం తాగి గ్లాసు మెట్టు మీద పెట్టాడు.

*

మర్నాడు తర్సీస్ అరుగు మీద చోటు చాలక జనం మెట్ల మీద, వాకిట్లో, పక్కింటి కంచె మీద కూచున్నారు. సంతకు వెళ్ళాల్సినవాళ్ళు కూడా సంత మానుకుని వచ్చారు. తర్సీస్ వయసు మీదపడ్డ మనిషి. ఒక చెవి వినపడదు. వినపడే చెవి ఎప్పుడూ తనకు కావలసిన వైపే తిప్పి కూచుంటాడు. అతని ముందు పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, పొగాకు. పెట్రోనెలా చర్చికి వేసుకునే మంచి బట్టల్లో, మెడలో జపమాలతో, చాప మీద నిటారుగా కూచుంది. లస్మినీ గడ్డి టోపీ ఒళ్ళో పెట్టుకుని చివర్న కూచుంది.

"చెప్పమ్మా," అన్నాడు తర్సీస్.

పెట్రోనెలా చెప్పింది. చెట్టు, బొడ్డుతాడు, నాన్న, రంపం, ఆకు, నాచు. ఒక్కటి ఎక్కువ చెప్పలేదు, ఒక్కటి తక్కువ చెప్పలేదు. నాచు పాడవలేదని కూడా తనే చెప్పింది. బరకం కింద పొడిగానే ఉందట.

"చెట్టుకు బదులుగా నాకు ఏమీ వద్దు బాబాయ్. నాకు జవాబు కావాలి. ఆ కొత్త మనిషి తరఫున ఎవరు నిలబడతారో నిలబడమనండి. నా కళ్ళలోకి చూసి చెప్పమనండి. అప్పుడు విప్పుతా."

"న్యాయమే," అన్నారెవరో.

"ఎవరు నిలబడతారు?" అన్నాడు తర్సీస్. అడగడానికి అడిగాడే గాని, వినపడే చెవి అప్పటికే అగాపితుస్ వైపు తిప్పాడు. వాకిలంతా అటే తిరిగింది. క్లెమెన్ తల దించుకుని కాలి వేలితో మట్టి గీస్తోంది. కంచె మీద నుంచి కోళ్ళావిడ, "లే, లే అగా. త్వరగా కానిస్తే సాయంత్రం సంతకన్నా అందుకుంటాం," అంది. కొందరు నవ్వారు.

అగాపితుస్ లేచాడు. పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు. అక్క ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. పెట్రోనెలా గడ్డం పైకెత్తింది. అతను పళ్ళెం ఆమె ముందు పెట్టలేదు. అలాగే పట్టుకుని తర్సీస్ వైపు తిరిగాడు.

"బాబాయ్, ఫ్లోరెస్ నుంచి వచ్చిన బడి మాస్టార్ని మీరు మీ ఇంటి పిల్లాడిగా తీసుకున్నారు. ఈ అరుగు మీదే. మొన్న ఆయన కొడుకు పెళ్ళికి మీ వంశం వాళ్ళందరూ ఖర్చు మోశారు."

"అవును. మోశాం. దానికేం?"

"దానికేం అని అడుగుతున్నా. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి."

తర్సీస్ చెవి గోక్కున్నాడు. "దేనికి అభ్యంతరం? ఏం చెప్పదలుచుకున్నావో చెప్పు."

"నేను మోసుకొచ్చాను, నిజం. ఏడేళ్ళు జవాబు చెప్పాను, అదీ నిజం. పందికి చెప్పాను, గంటకి చెప్పాను." అతని గొంతు పెరిగింది. తగ్గించుకున్నాడు. "లస్మినీ, ఇలా రా. ఇక్కడ కూచో. అక్కడ కాదు, అక్క పక్కన, చాప మీద."

లస్మినీ అటూ ఇటూ చూసి, లేచి వచ్చి, పెట్రోనెలా పక్కన చాప అంచు మీద కూచుంది. పెట్రోనెలా ఒంటి మీద చీమ పాకినట్టు కదిలింది గాని, పక్కకు జరగలేదు.

అగాపితుస్ పళ్ళెం వాళ్ళిద్దరి మధ్య కింద పెట్టాడు.

"ఈ రోజు నుంచి ఈమెను మా ఇంటి ఆడపిల్లగా తీసుకుంటున్నా. రోసా చోటులో. నాకు చెల్లెలు, పెట్రోనెలా అక్కకు చెల్లెలు. చెల్లెలి తప్పుకు అక్క జవాబు. లే అక్కా, నీ చెల్లెలి తరఫున నిలబడు, నీ చెట్టుకు నువ్వే జవాబు చెప్పు. రేపు పొద్దున పడవ రేవులోంచే బయలుదేరుతుంది."